కస్త్రాకీ గ్రామపు త్రాళ్లు

అపొస్తలుల కార్యములలో నీవు చదివిన బెరయ పట్టణమునకు నైరుతి దిక్కున, గ్రీసు దేశపు థెస్సలి సీమలో, కస్త్రాకీ అను చిన్న గ్రామమున్నది. దాని యిండ్ల వెనుకనే పెద్ద బండలు నిట్టనిలువుగా లేచియున్నవి. పూర్వకాలపు నీళ్లు తెచ్చిన గులకరాళ్లును ఇసుకయు గట్టిపడి ఈ బండలాయెను. వీటికి మెతెయోరా అని పేరు; గాలిలో వ్రేలాడునవి అని దాని భావము.

సుమారు 11వ శతాబ్దము నాటికే సన్యాసులు ఈ బండల గుహలలో ఒంటరిగా నివసించుచుండిరి. అయినను వారు సహవాసమును విడువలేదు. ఆదివారమున గుహలు దిగి, గ్రామము చేరువనున్న దూపియాని అను చోట కూడి ఆరాధించెడివారు. అచ్చటి చిన్న గుడి నేటికిని నిలిచియున్నది. నాలుగు చినుకులు పడినంతనే ఇంట నిలిచిపోవు మనము, ఆ దిగుడు ఎట్టిదో కొంచెము తలంచుకొందుము గాక!

14వ శతాబ్దపు నడుమ అథోసు కొండనుండి వచ్చిన అథనాసియు అను సన్యాసి ఒక గొప్ప బండమీద మఠము స్థాపించెను. పోను పోను మఠములు 20కి పైగా వెలసెను. మెట్లు లేవు. నిచ్చెన ఎక్కవలెను, లేదా వలలో కూర్చుండవలెను. పైనున్నవారు త్రాటితో లాగుదురు. దమస్కులో పౌలును గంపలో దింపినవారిని జ్ఞాపకము చేసికొనుము. వారి చేతులు సడలినయెడల ఏమగును? త్రాడు ఎప్పుడు మార్చుదురని అడిగినవారికి, ప్రభువు దానిని తెగనిచ్చినప్పుడే అని జవాబు చెప్పెడివారట. విన్నవారు నవ్వుదురు. వలలోనున్నవాడు నవ్వియుండడు.

1920 తరువాతి సంవత్సరములలో బండను తొలిచి మెట్లు కట్టిరి. నేడు 6 మఠములే నడుచుచున్నవి. వాటిలో 2 స్త్రీలవి. 1970 తరువాత జర్మను దేశస్థులు క్రీడగా ఈ బండలెక్కుట మొదలిడిరి. ఇప్పుడు అనేక దేశములవారు గులకరాళ్లను వ్రేళ్లతో పట్టి ఎక్కుచున్నారు. మఠములున్న బండలను మాత్రము ఎక్కరాదు.

గ్రామస్థుల యెక్కుట వేరు. తుర్కీ పరిపాలనలో, పరిశుద్ధ జార్జి గుహయొద్ద చెట్లు నరుకుచు ఒక మహమ్మదీయుడు గాయపడెననియు, అతని భార్య తన ముసుగును అర్పింపగా బాగుపడెననియు వారు చెప్పుకొందురు. గుడ్డలో స్వస్థతయున్నదని నేననను. అయితే పరాయి మతస్థురాలి దుఃఖమును ఆ గ్రామము ఇన్ని తరములు మరువకుండుట నాకు గొప్పగా తోచుచున్నది. ఏటేట జార్జి పండుగనాడు యౌవనులు త్రాడు పట్టి ఆ గుహకెక్కి, క్రొత్త చేతిరుమాళ్లు కట్టి, నిరుటివి విప్పి తెత్తురు. ఎండకు వానకు వెలిసిన ఆ గుడ్డలకొరకు క్రింద నిలిచినవారు చేతులు చాపుదురు.