ఒకే పంక్తిలో భోజనం: మన పొరుగు కాలేజీ కథ

చిక్కడపల్లి, నారాయణగూడలలో పెరిగిన మనకు హాస్టల్ అనే మాట కొత్తది కాదు. ఇప్పుడైతే అశోక్ నగర్‌లో ఏ సందులోకి తిరిగినా హాస్టల్ బోర్డులే. మన పక్కనే గాంధీనగర్‌లో, లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డు మీద, వేరే ఉద్దేశంతో పుట్టిన వసతి కళాశాల ఒకటుంది. అదే ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ. ఆ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లినా, దాని చరిత్ర మనలో చాలామందికి తెలియదు.

తెలుగునాట క్రైస్తవ మిషన్లు ప్రాంతాలవారీగా పనిచేశాయి. గుంటూరు, రాజమండ్రి వైపు లూథరన్లు. నెల్లూరు, ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టులు. కాకినాడ వైపు కెనడియన్ బాప్టిస్టులు. మచిలీపట్నం, దోర్నకల్‌లలో ఆంగ్లికన్లు. మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టులు. పాదిరీల శిక్షణ కూడా ఎవరిది వారిదే. 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్లు, వెస్లియన్ మెథడిస్టులు మరికొందరితో కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాగా ఏర్పడ్డారు. లూథరన్లు, బాప్టిస్టులు మాత్రం బయటే ఉండిపోయారు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వవచ్చా అన్న ఒక్క ప్రశ్న మీదే వీరి మధ్య శతాబ్దాల వాదం ఉంది.

సంఘాలుగా కలవలేనివారు చదువు దగ్గర కలిశారు. 1964లో రాజమండ్రిలో ఉమ్మడిగా ఈ కాలేజీని స్థాపించారు. 1970ల మొదట్లో అది హైదరాబాద్‌కు, మన పొరుగుకు వచ్చింది.

దీని పట్టాలు వచ్చేది ఉస్మానియా నుంచి కాదు, బెంగాల్‌లోని సేరంపూర్ నుంచి. విలియం కేరీ, ఆయన సహచరులు 1818లో అక్కడ కాలేజీ పెట్టారు. అప్పుడు ఆ ఊరు డెన్మార్క్ ఏలుబడిలో ఉండేది. 1827లో డెన్మార్క్ రాజు పట్టాలిచ్చే అధికారం ఇచ్చాడు. కేరీ 1814లోనే తెలుగు వ్యాకరణం ఒకటి సేరంపూర్‌లో అచ్చువేయించాడని చెబితే, ఈ బంధం ఎంత పాతదో తెలుస్తుంది.

వసతి ఎందుకన్నది అసలు సంగతి. పాఠం వినడానికి గంట చాలు. భిన్నంగా నమ్మేవాడితో కలిసి భోంచేయడం, ప్రార్థించడం, వాదించి మర్నాడు మళ్లీ పలకరించడం అలవడాలంటే ఏళ్లు ఒకే ఆవరణలో ఉండాలి. హైదరాబాద్‌లో ఈ అవసరాన్ని ఇతరులూ గుర్తించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన 1918లోనే, జిల్లాల నుంచి చదువుకు వచ్చేవారికి అండగా రెడ్డి హాస్టల్ వెలసింది. ఒకటి ఒక సామాజికవర్గం చొరవతో వచ్చింది, మరొకటి వేర్వేరు సంఘాలను కలిపింది. రెండింటిలోనూ మంచంతో పాటు బాగోగులు చూసే పెద్దదిక్కు ఉండాలన్న ఆలోచన ఉంది.

ఇవాళ గ్రూప్స్, సివిల్స్ కోసం వచ్చి అశోక్ నగర్‌లో ఉంటున్న పిల్లలకు మంచం, మెస్సు దొరుకుతున్నాయి. పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుంటారు. నోటిఫికేషన్ వాయిదా పడితే, ఫలితం తేడా వస్తే, పక్కన కూర్చుని మాట్లాడే పెద్దవాళ్లే కరువు. స్వర్ణోత్సవం చేసుకుంటున్న మన సంఘంలో ఉద్యోగాలు చేసి, పరీక్షలు గట్టెక్కిన వాళ్లం చాలామందిమి ఉన్నాం. నెలకొక ఆదివారం సాయంత్రం మన బడి హాలు తెరిచి వాళ్లను పిలుద్దాం. ఖర్చు టీకి మించదు.