ముఖం, మెడ వెన్ను తూటా గాయాలు: శస్త్రచికిత్స చరిత్ర

ముఖంలోకి దిగిన తూటా దవడను నుజ్జు చేసి, గొంతు చీల్చుకుంటూ మెడ వెన్నుపూసల దాకా పోవచ్చు. దారి ఒకటే అయినా చికిత్స చరిత్ర మాత్రం రెండుగా చీలింది. ముఖం విషయంలో వైద్యులు ఆపరేషన్లు చేస్తూ చేస్తూ ఆరితేరారు. మెడ వెన్ను విషయంలో ఎప్పుడు చెయ్యకూడదో తెలుసుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

16వ శతాబ్దపు యూరప్‌లో తుపాకిమందు విషమని నమ్మేవారు. ఆ విషం విరగాలని గాయంలో మరిగే నూనె పోసేవారు. 1537 ప్రాంతంలో ఇటలీ దండయాత్రలో ఫ్రెంచి సైనిక వైద్యుడు అంబ్రోయిజ్ పారే దగ్గర నూనె నిండుకుంది. గత్యంతరం లేక గుడ్డు సొన, గులాబి నూనె, టర్పెంటైన్ కలిపి పట్టించాడు. మర్నాడు చూస్తే నూనె పోయించుకున్నవాళ్లు జ్వరంతో, వాపుతో అల్లాడుతున్నారు, మిగిలినవాళ్లు కుదురుగా ఉన్నారు. తూటా ఎక్కడుందో దొరకనప్పుడు, దెబ్బ తగిలినప్పుడు ఏ భంగిమలో ఉన్నాడో అలాగే నిలబడమని క్షతగాత్రుణ్ని అడిగి వెతకడం కూడా ఆయన పద్ధతే.

అమెరికా అంతర్యుద్ధంలో అట్లాంటా దంతవైద్యుడు జేమ్స్ బాక్స్టర్ బీన్ పళ్ల అచ్చు తీసి, గట్టిపరచిన రబ్బరుతో స్ప్లింట్లు తయారుచేసి, విరిగిన దవడలను కదలకుండా నిలిపాడు. అసలు మలుపు మొదటి ప్రపంచ యుద్ధం. కందకాల్లో ఒళ్లంతా దాగినా తల బయటపడేది. దవడ ఊడినవాణ్ని స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారి ఊపిరాడక చనిపోయేవాడు. ముందుకు వంచి కూర్చోబెట్టి తీసుకెళ్లాలని అనుభవం మీదే తెలిసింది.

న్యూజిలాండ్‌లో పుట్టిన హెరాల్డ్ గిలీస్ చెవి-ముక్కు-గొంతు వైద్యుడు. ఫ్రాన్స్‌లో దంతవైద్యుడు వలాదియే పనిని, పారిస్‌లో మోరెస్తాన్ ఆపరేషన్లను చూసి 1916లో ఇంగ్లండ్‌లోని ఆల్డర్‌షాట్‌లో ముఖ గాయాలకు ప్రత్యేక వార్డు తెరిచాడు. ఆ ఏడాది సోమ్ యుద్ధానికి ముందు 200 పడకలు సిద్ధం చేస్తే సుమారు 2,000 మంది వచ్చిపడ్డారు. 1917లో సిడ్‌కప్‌లో ముఖ గాయాల కోసమే ఆసుపత్రి కట్టారు. అక్కడ 5,000 మందికి పైగా సైనికులకు 11,000కు మించి ఆపరేషన్లు జరిగాయి. తమ ముఖం చూసుకుని కుంగిపోతారని వార్డుల్లో అద్దాలు ఉంచేవారు కాదు.

అంతకుముందు గాయం అంచులు లాగి కుట్టేసేవారు. పోయిన ఎముక, మాంసం లోటు అలాగే ఉండిపోవడంతో మానేకొద్దీ ముఖం వంకర పోయేది. గిలీస్ ముందు మిగిలిన భాగాలను వాటి చోట్లలో నిలిపి, ఎంత లోటుందో తేల్చుకుని, ఆ తర్వాతే పూడ్చేవాడు. ఛాతీ మీదో భుజం మీదో చర్మానికి రెండు పక్కలా గాట్లు పెట్టి, కొసలు తెంపకుండా, అంచులు లోపలికి చుట్టి గొట్టంలా కుట్టేవాడు. అందులో రక్తం ఆడుతూనే ఉండేది, చీము భయం తగ్గేది. కొన్ని వారాలకు ఒక కొస తెంపి ముఖానికి అతికించి, అక్కడ రక్తం అందాక రెండోది తెంపేవాడు. ఒడెస్సాలో వైద్యుడు ఫిలాతోవ్ కూడా ఇదే ఉపాయాన్ని విడిగా కనిపెట్టాడు. నుదుటి చర్మంతో ముక్కు కట్టే విద్య మాత్రం భారతదేశం నుంచి వెళ్లినదే. పుణెలో జరిగిన అలాంటి ఆపరేషన్ గురించి 1794లో లండన్ ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’ బొమ్మతో సహా అచ్చేసింది.

ముఖం మీదే కత్తి ఆడుతుంటే మత్తు ఇచ్చే ముసుగు ఎక్కడ పెట్టాలి? సిడ్‌కప్‌లో మత్తువైద్యులు మాగిల్, రోబోథమ్ శ్వాసనాళంలోకి గొట్టం దింపి మత్తు ఇవ్వడాన్ని స్థిరపరిచారు. ప్లాస్టిక్ సర్జరీ కంటే ఈ గొట్టమే ఎక్కువ ప్రాణాలు కాపాడిందంటే అతిశయోక్తి కాదేమో.

మెడ వెన్ను కథలో ఇలాంటి విజయాలు తక్కువ. వెన్నుపాము తెగితే అతకదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్ను గాయపడినవారిలో నూటికి 80 మంది తొలి వారాల్లోనే, ముఖ్యంగా పడకపుండ్లు, మూత్రాశయ ఇన్ఫెక్షన్లతో పోయారని అమెరికా నాడీ శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ రాశాడు. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ ఈ లెక్క మార్చింది కత్తితో కాదు, రాత్రీపగలూ రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పించే క్రమశిక్షణతో.

మెడ మెత్తటి భాగాల సంగతి వేరు. 1956లో డల్లాస్ వైద్యులు ఫోగెల్‌మన్, స్టీవర్ట్ వెంటనే తెరిచి చూసినవారిలో 6 శాతం, అలా చెయ్యనివారిలో 35 శాతం మరణాలు చూపడంతో ప్రతి మెడ గాయాన్నీ కోసి చూడటం రివాజైంది. 1969లో మాన్సన్ బృందం మెడను మూడు మండలాలుగా విభజించింది. రక్తనాళాలను చూపే సీటీ ఆంజియోగ్రఫీ వచ్చాక రక్తస్రావం ఆగనివారికీ, ఊపిరాడనివారికీ తప్ప ముందు స్కాన్ చేసి చూస్తున్నారు. వెన్నుపూసల రంధ్రాల గుండా పైకి వెళ్లే ధమని చిట్లితే, కోసి పట్టుకోవడం కష్టం గనుక, లోపలి నుంచే తీగచుట్టలతో మూసేస్తారు.

కారు ప్రమాదంలోలా కాకుండా తూటా దెబ్బకు వెన్ను నిలకడ చాలావరకు చెడదు కాబట్టి ప్లేట్లు, స్క్రూల అవసరం అరుదు. నడుము దగ్గర నాడీ కాలువలో ఉన్న తూటాను తీస్తే కొంత బలం తిరిగి వచ్చినట్టు 1991 నాటి అమెరికా అధ్యయనం చూపింది, మెడలో ఆ లాభం కనిపించలేదు. స్టెరాయిడ్లూ పనిచెయ్యలేదు. అయితే పక్షవాతం ముదురుతున్నా, వెన్నుద్రవం కారుతున్నా, డిస్క్‌లో ఇరుక్కున్న సీసం కరిగి ఒంటికి పడుతున్నా ఆపరేషన్ చేస్తారు. గొంతు దాటి వచ్చిన తూటా అయితే యాంటీబయాటిక్స్ తప్పవు. తూటాను లోపలే వదిలేసినవారికి ఎమ్మారై తియ్యాలంటే ముందు అందులో ఉక్కు ఉందేమో ఆరా తీస్తారు. సీసం, రాగి అయితే అయస్కాంతం లాగదు.