హాస్పిస్ నర్సు

నయంకాని జబ్బు చివరి దశలో ఉన్నవారి నొప్పి, ఆయాసం తగ్గించి, ఇంటివాళ్లకు అండగా నిలిచే నర్సు. ఆధునిక హాస్పిస్‌కు దారి చూపింది 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ నెలకొల్పిన సెయింట్ క్రిస్టఫర్స్. మన దేశంలో మొదటిది ముంబైలోని శాంతి అవేదన సదన్ (1986). హైదరాబాద్‌లో బంజారాహిల్స్ రోటరీ క్లబ్ పూనికతో స్పర్శ్ హాస్పిస్ వెలిసింది.

నొప్పికి మార్ఫిన్ మాత్ర సాధారణంగా నాలుగు గంటలకోసారి. వెంటే మలబద్ధకం రాకుండా మందు. కుళ్లిన క్యాన్సర్ పుండుపై మెట్రోనిడజోల్ మాత్ర పొడి చల్లితే దుర్వాసన తగ్గి, చుట్టాలు మళ్లీ మంచం దగ్గర కూర్చోగలుగుతారు. ఇంత చవకగా దొరికే మేలు అరుదు.

మాదకద్రవ్యాల చట్టానికి 2014లో చేసిన సవరణ మార్ఫిన్ అనుమతులను సులువు చేసింది.

కృష్ణా డెల్టా పల్లెలో మంచంపట్టిన మనిషికి ఇంటికొచ్చే నర్సే ముఖ్యం. కట్టు మార్చడం, పడకపుండ్లు పడకుండా ఒత్తిగిలించడం ఇంట్లోవాళ్లకు నేర్పితే, ఊరికూరికే విజయవాడ పరుగెత్తే అవస్థ తగ్గుతుంది.