డెక్ మీద కుర్చీలు, చలికి హీటరు

వేసవి రాగానే మన వాళ్ళ ఇళ్ళలో పాటియో సెట్ల వేట మొదలవుతుంది. నన్నడిగితే టేకువే మేలంటాను. ఆ చెక్కలో సహజంగా నూనె ఉంటుంది కనుక ఎండావానలకు తట్టుకుంటుంది. రంగు వెలిసి బూడిదరంగుకు తిరిగినా చెక్క చెడదు. మరలన్నీ ముందు వదులుగా తిప్పి, చదును నేల మీద నిలబెట్టాకే గట్టిగా బిగించండి, లేకపోతే కుర్చీ కుంటుతుంది.

నేను అసలు చెప్పదలచుకున్నది ప్రొపేన్ హీటరు గురించి. దీపావళి నాటికి చాలా రాష్ట్రాల్లో చలి మొదలై, విందు డెక్ మీద నుంచి గరాజులోకి మారుతుంది. వెంట హీటరూ వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. తలుపు ఎత్తి ఉంచినా కార్బన్ మోనాక్సైడ్ పేరుకోవచ్చు. దానికి రంగూ వాసనా లేవు. ఎవరికైనా తలనొప్పి, వికారం అనిపిస్తే, తిన్నది అరగలేదనుకోకుండా అందరినీ బయటికి పంపి 911కి ఫోన్ చేయండి.

20 పౌండ్ల సిలిండరు 40,000 బీటీయూల హీటరుకు సుమారు 10 గంటలు వస్తుంది. కొత్తది తగిలించగానే సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. ప్రొపేన్ గాలికన్నా బరువు, కారితే నేలబారున పరుచుకుంటుంది. అందుకే సిలిండరును బేస్‌మెంటులో, గరాజులో దాచకుండా బయటే నిలువుగా ఉంచాలి. అపార్ట్‌మెంటులో ఉండేవారు ముందు లీజు చదవండి. చాలాచోట్ల బాల్కనీలో ప్రొపేన్ నిషేధం.