సూదివైద్యం, కొమ్మువైద్యం: ఒక పాత ఫైలు



2011లో మా తమ్ముడు బిట్రగుంట నుంచి కావలి వెళ్తూ హైవే మీద స్కూటరు పైనుంచి పడ్డాడు. తలకు బలమైన దెబ్బ తగిలింది. నెల్లూరులో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు. ఇంటికి వచ్చేసరికి కుడి చెయ్యి లేవదు, మాట తడబాటు. చూడవచ్చిన బంధువుల్లో ఒకరు సూదులు గుచ్చించమన్నారు, మరొకరు కప్పులు పెట్టించమన్నారు. అప్పుడు ఏది నమ్మాలో తెలియక నేను పడిన అవస్థ మరొకరు పడకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. గుమాస్తాగా పనిచేసినవాణ్ణి గనుక, ముందు పాత ఫైలు తిరగేసి ఆ తరువాతే నోటు పెట్టడం నా అలవాటు.

కప్పింగ్ మనకు కొత్తది కాదు. సుశ్రుత సంహితలోనే రక్తం తీయడానికి మూడు సాధనాలు చెప్పారు: కొమ్ము, జలగ, సొరకాయ బుర్ర. బుర్రలో చిన్న దీపం ఉంచి ఒంటికి ఆనిస్తే లోపలి గాలి తగ్గి చర్మాన్ని లాగుతుంది. నేటి గాజు కప్పు పనిచేసేదీ ఇదే సూత్రం మీద. యునానీ వైద్యులు దీనినే హిజామా అంటారు. హైదరాబాదులో చార్మినారు పక్కనున్న నిజామియా ఆసుపత్రి ఆ యునానీ వైద్యానికి పేరుపొందినదే.

సూదివైద్యం చైనాది. దాదాపు రెండు వేల ఏళ్లనాటి ‘హువాంగ్‌డీ నైజింగ్’ గ్రంథంలో దాని వివరాలున్నాయి. మన దేశానికి అది వచ్చిన తీరు తెలుసుకోదగ్గది. జపాను దాడిలో ఉన్న చైనాకు 1938లో మన కాంగ్రెసు అయిదుగురు డాక్టర్లను పంపింది. వారిలో డాక్టర్ కోట్నిస్ 1942లో అక్కడే కన్నుమూశారు. తిరిగివచ్చిన డాక్టర్ బిజయ్ కుమార్ బసు తరువాత మళ్లీ చైనా వెళ్లి ఈ విద్య నేర్చుకుని, 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు.

1971లో అమెరికా పత్రికా రచయిత జేమ్స్ రెస్టన్‌కు పెకింగులో అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. ఆయన రాసిన వ్యాసంతో సూదులకు ప్రపంచమంతటా పేరొచ్చింది. అయితే ఆపరేషన్ జరిగింది మామూలు మత్తుమందుతోనే. సూదులు గుచ్చింది ఆ తరువాత, కడుపు బాధ తగ్గడానికి. ఈ తేడా చాలామంది గమనించలేదు. అదే రోజుల్లో చైనాలో జియావో షున్ఫా అనే వైద్యుడు తలచర్మం మీద సూదులు గుచ్చే పద్ధతిని రూపొందించారు. పక్షవాతానికీ, మెదడు దెబ్బలకూ సూదులు వాడటం దానితో బాగా పెరిగింది.

మరి గుణం మాటేమిటి? తల గాయాలకు సూదివైద్యంపై జరిగిన పరీక్షలను కోక్రేన్ సంస్థ పరిశీలించింది. లెక్కకు వచ్చినవి నాలుగే పరీక్షలు, మొత్తం 294 మంది రోగులు. అవీ నాణ్యమైనవి కావు గనుక, గుణం ఉందనీ లేదనీ తేల్చలేమంది. కప్పింగ్‌కు ఆపాటి ఆధారం కూడా లేదు. 2019లో మన కేంద్ర ప్రభుత్వం ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక చికిత్సా విధానంగా గుర్తించిన మాట నిజమే. గుర్తింపు వేరు, ఫలానా జబ్బు నయమవుతుందన్న రుజువు వేరు.

మా ఇంట్లో జరిగిన పొరపాటు కూడా చెప్పాలి. సూదులు మొదలుపెట్టాక, ఇక చాలుననుకుని మూడు వారాలు ఫిజియోథెరపీ మానిపించాం. తమ్ముడికి నిద్ర బాగా పట్టిన మాట వాస్తవం. కానీ చెయ్యి బిగుసుకుపోయింది. మళ్లీ వ్యాయామం మొదలుపెట్టి, ఆరు నెలలు కష్టపడితేగాని అన్నం ముద్ద నోటికి అందలేదు. ఆ తప్పు సూదులది కాదు, మాది.

కనుక నా మనవి ఇంతే. సూదులూ కప్పులూ తోడు వైద్యాలే. డాక్టరుకు చెప్పి చేయించుకోండి. మాత్రలు, వ్యాయామం మానకండి. మన వయసులో చాలామంది రక్తం పలుచబడే మాత్రలు వేసుకుంటున్నాం. అటువంటివారు గాట్లు పెట్టి రక్తం తీయించుకోవడం ప్రమాదం. ఆపరేషన్‌లో పుర్రె ఎముక తీసిన చోట సూది తగలనివ్వకూడదు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఇంటివైద్యాలు చూడకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. మెదడులో రక్తం గడ్డకట్టినప్పుడు దాన్ని కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలే.

తమ్ముడు ఇప్పుడు తన సంతకం తానే చేస్తున్నాడు. అక్షరాలు కొంచెం వంకర. అయినా బ్యాంకువారు ఒప్పుకుంటున్నారు.