ఇంటి నెట్‌కు ఐపీ నంబరు ఎలా ఇస్తారు, ఎందుకు మారుతుంది?

ఇంటి నెట్‌కు కంపెనీ ఇచ్చే ఐపీ నంబరు లాడ్జి గది లాంటిది, గడువు వరకే మనది. రౌటర్ గడువులోగా మళ్లీ అడిగితే సాధారణంగా అదే కొనసాగుతుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లతో లాగిన్ అయ్యే కనెక్షన్లలో మాత్రం కరెంటు పోయి వచ్చినా కొత్తది రావచ్చు.

పాత పద్ధతి ఐపీవీ4లో నంబర్లు ప్రపంచమంతటికీ సుమారు 430 కోట్లే. అవి చాలక ఒకే నంబరును ఎన్నో ఇళ్లకు పంచుతున్నారు. రౌటర్ పేజీలో డబ్ల్యూఏఎన్ అన్నచోట 100.64 మొదలు 100.127 వరకు ఉన్న వరుసలోని నంబరు కనిపిస్తే మీదీ ఆ పంపకమే. ఆ వరుసను 2012లో ఇందుకే కేటాయించారు. అలాంటి కనెక్షన్‌లో ఇంటి సీసీ కెమెరాను బయటినుంచి నేరుగా నంబరు కొట్టి చూడలేం. కెమెరా యాప్‌తో చూడాలి, లేదా అదనపు రుసుము కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి. ఒక్క కెమెరా కోసమైతే ఆ ఖర్చు దండగని మా అభిప్రాయం.

హోసూరులో ఉన్నా కొన్ని సైట్లు మనల్ని చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్నట్టు చూపవచ్చు. నంబరు నమోదు వివరాలను బట్టి వేసే అంచనా అది. తెలుగు కావాలంటే సెట్టింగుల్లో మనమే పెట్టుకోవాలి.

“మీ ఐపీతో నేరం జరిగింది, డబ్బు కట్టండి” అని ఫోనొస్తే పెద్దలు హడలిపోవద్దు. పంచుకున్న నంబరు ఒక్కటే ఏ ఇంటినీ పట్టివ్వదు. సమయం, పోర్టు నంబరు కూడా కంపెనీ రికార్డుతో సరిచూడాలి. పోలీసులు ఫోన్లో డబ్బు అడగరు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.