నెల్లూరు అభ్రకం, సిలికా ఇసుక (గృహాలంకరణ చరిత్ర)

నెల్లూరు అభ్రకం, సిలికా ఇసుక: పూర్వపు నెల్లూరు జిల్లాలో దొరికే రెండు ఖనిజాలు. గూడూరు చుట్టుపక్కల మెట్ట భూముల్లోని అభ్రకం దీపాల తయారీకీ విద్యుత్ పరికరాలకూ పనికివచ్చింది. చిల్లకూరు, కోట మండలాల తీరంలోని తెల్ల ఇసుక గాజుకు ముడిసరుకు. 2022 ఏప్రిల్ నాటి జిల్లాల పునర్విభజనలో గూడూరు ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది.

అభ్రకం గనులు

గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతాల గుండా సాగే శిలల పట్టీలో పెగ్మటైట్ అనే ముతక స్ఫటికాల రాతి సిరలు ఉన్నాయి. వాటిలో అభ్రకం, క్వార్ట్జ్, ఫెల్‌స్పార్ కలిసి దొరుకుతాయి. ఇక్కడి అభ్రకానిది లేత ఆకుపచ్చ ఛాయ. బిహార్ వైపు దొరికేది కెంపు రంగు. 19వ శతాబ్దం చివర తవ్వకం వ్యాపార స్థాయికి చేరింది. ఇనికుర్తి గనిలో పది అడుగుల వెడల్పున్న అభ్రకం దిమ్మెలు బయటపడ్డాయని, 30 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పుతో పగులు లేని రేకులు తీశారని 20వ శతాబ్దపు తొలినాళ్ల గ్రంథాలు నమోదు చేశాయి. సైదాపురం మండలం కలిచేడు మరో ముఖ్య గని కేంద్రం. గనిలో తీసిన దిమ్మెలను పొరలుగా చీల్చి, అంచులు కోసి, సైజు, మచ్చలను బట్టి వేరుచేసేవారు. ఈ పనిలో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు.

దీపాలు

అభ్రకం పారదర్శకం, సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వేడినీ తట్టుకుంటుంది. వేడెక్కిన గాజు చిమ్నీ మీద నీటి చుక్క పడితే పగులుతుంది, అభ్రకం పగలదు. అందుకే కిరోసిన్, గ్యాస్ దీపాల చిమ్నీలకు, పొయ్యిల కిటికీలకు దాన్ని వాడారు. వెలుగును మెత్తబరిచే గుణం అలంకరణకూ అక్కరకొచ్చింది. అమెరికాలో డిర్క్ వాన్ ఎర్ప్ 1910ల నుంచి రాగి పీఠాల మీద అభ్రకం షేడ్లు అమర్చి చేసిన బల్ల దీపాలు ఆ కాలపు గృహాలంకరణలో పేరు తెచ్చుకున్నాయి. ఆ తీరు దీపాలు నేటికీ తయారవుతున్నాయి.

విద్యుత్తు, ఫర్నిచర్

విద్యుత్ బల్బు వచ్చాక చిమ్నీ గిరాకీ తగ్గినా అభ్రకం ధర పడిపోలేదు. విద్యుత్తును అడ్డుకునే గుణం వల్ల మోటార్లు, ఇస్త్రీపెట్టెలు, రేడియో కెపాసిటర్లు దాన్ని కోరుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో గిరాకీ మరింత పెరిగింది. 1946లో వచ్చిన అభ్రకం గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం కింద కలిచేడులో ఆసుపత్రి వెలిసింది. 1970ల్లో కేంద్రం అభ్రకం ఎగుమతుల కోసం మైకా ట్రేడింగ్ కార్పొరేషన్ (మిట్కో)ను ఏర్పాటు చేసింది.

అంతకు ముందే, విద్యుత్ పరికరాల్లో అభ్రకానికి ప్రత్యామ్నాయం వెతుకుతూ అమెరికాలో హెర్బర్ట్ ఫేబర్, డేనియల్ ఒకానర్ 1913లో ఫార్మికా సంస్థను స్థాపించారు. రెజిన్ పట్టించి వేడి, ఒత్తిడితో అదిమిన వారి పలక మొదట విద్యుత్ పరికరాలకే. తర్వాత అలంకరణ పలకగా మారి వంటగది గట్లు, బల్లలు, బీరువాల మీదికి చేరింది. మన వడ్రంగులు సన్‌మైకా అని పిలిచే పలక ఆ కోవలోదే. అందులో ఉండేది కాగితం, రెజిన్; అభ్రకం కాదు.

ఇసుక, అద్దాలు

సాధారణ గాజులో సుమారు 70 శాతం సిలికా ఉంటుంది. ఇసుకలో ఇనుము ఎక్కువైతే గాజుకు పచ్చని ఛాయ వస్తుంది; అందువల్ల ఇనుము తక్కువగా ఉన్న తెల్ల ఇసుకకే విలువ. తీరంలోని ఇసుక దిబ్బలు ఈ అవసరానికి సరిపోయాయి. 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త జస్టస్ ఫాన్ లీబిగ్ గాజు మీద వెండి పూత పట్టించే పద్ధతి కనుగొన్నాక అద్దం సామాన్యుడి ఇంటికి చేరువైంది. కరిగిన తగరం మీద గాజును తేల్చే ఫ్లోట్ పద్ధతిని బ్రిటన్‌కు చెందిన పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించింది. వంకర లేని నిలువెత్తు అద్దాలు, గాజు బల్లలు తక్కువ ధరకు రావడానికి అదే కారణం. 2000లో చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులో సెయింట్-గోబెన్ ఫ్లోట్ గాజు కర్మాగారం ప్రారంభమైంది. ఇసుక ఉన్న తీరానికీ పలక గాజు తయారీకీ దూరం అలా తగ్గింది.

ప్రస్తుత స్థితి

కృత్రిమ అభ్రకం, ప్లాస్టిక్ ఇన్సులేటర్లు వచ్చాక రేకు అభ్రకం గిరాకీ పడిపోయి చాలా గనులు మూతపడ్డాయి. తునక అభ్రకాన్ని మాత్రం పొడి చేసి రంగుల్లో, ముత్యపు మెరుపునిచ్చే పూతల్లో కలుపుతున్నారు. ఒకప్పుడు గని పక్కన పారబోసిన తెల్ల క్వార్ట్జ్ ఇప్పుడు ఎగుమతి సరుకు. వంటగదుల కృత్రిమ రాతి పలకలకు క్వార్ట్జే ప్రధాన ముడిపదార్థం. తీరంలో ఇసుక తవ్వకానికి మరో కోణం ఉంది: వాన నీటిని పట్టి ఉంచేవీ, ఉప్పునీటికి అడ్డు నిలిచేవీ ఆ దిబ్బలే. శతాబ్దానికి పైగా ఈ ప్రాంతం అమ్ముతూ వచ్చింది ప్రధానంగా ముడిసరుకునే. దీపం, బల్ల, అద్దంగా మలచడం వల్ల వచ్చే లాభంలో ఎక్కువ భాగం ఇతర ప్రాంతాలకే దక్కింది.